మరీ మెల్లగా లాగిన కడ్డీ

మా అన్నయ్య రెండు చెప్పులూ వేసుకునేలోపు నేను ఒక చొక్కాకు చేతులు అతికించేయగలను. ఊరికే ఎగతాళికి అనడం లేదు, ఒకసారి పందెం వేసి మరీ కుట్టి చూపించాను. దారం కొరికి తలెత్తేసరికి తను ఇంకా రెండో చెప్పు బెల్టు సవరించుకుంటున్నాడు. "అయిందా అన్నయ్యా?" అంటే "అయిపోవచ్చింది" అన్నాడు. ఏ పని గురించి అడిగినా అదే జవాబు. చిన్నప్పుడు అమ్మ స్నానానికి పిలిచినా అదే, పెద్దయ్యాక నేను పెళ్లి మాటెత్తినా అదే.

పనిచేసే చోట అందరూ తనను 'నిదానం' అని పిలుస్తారు. కొత్తగా చేరినవాళ్లు అది అసలు పేరే అనుకుని 'నిదానం గారూ' అంటారు. తను పలుకుతాడు. కోపం తెచ్చుకోవాలన్నా తీరిక ఉండాలి కదా, దాన్ని కూడా రేపటికి వాయిదా వేస్తాడు.

ఉద్యోగం లోహాలను పరీక్షించే ప్రయోగశాలలో. అందులో అన్నయ్య పని లాగడం. అల్యూమినియం ముక్కను రెండు కొసలా మిషను పళ్లకు బిగించి, చుట్టూ గొట్టంలాంటి ఫర్నేసు మూసి, బాగా వేడెక్కాక రెండు వైపులకూ లాగుతాడు. తెగేలోపు ఎంత సాగిందో కొలిచి ప్రొఫెసరు గారికి చెప్తాడు. పెళ్లయిన కొత్తలో ఇది విని మా ఆయన, "సాగదీయడానికి జీతం కూడా ఇస్తారా! మీ అన్నయ్యకు పుట్టకముందే రాసిపెట్టినట్టుందే ఈ ఉద్యోగం" అన్నాడు. నేను నవ్వాను గానీ కాస్త మండింది కూడా. మా అన్నయ్యను నేను అనొచ్చు. పైవాళ్లు అంటే ఊరుకోను.

మామూలు అల్యూమినియాన్ని లాగితే కొంచెం సాగి పుటుక్కున తెగుతుంది. వీళ్లు లాగేది మామూలుది కాదు. దాన్ని ముందు పక్క గదిలో ఉన్న ప్రెస్సులో తోస్తారు. పెద్ద ఉక్కు దిమ్మ, అందులో మోచేయిలా వంగిన సన్నని దారి. వేలి లావు కడ్డీకి గ్రీజు పూసి పైనుంచి పెడితే ప్రెస్సు దాన్ని బలవంతంగా కిందికి నెడుతుంది. కడ్డీ ఆ వంపు దగ్గర నానా యాతనా పడి పక్కనుంచి బయటికొస్తుంది. వచ్చాక చూస్తే అదే లావు, అదే పొడవు. ఏమీ జరగనట్టే ఉంటుంది. దాన్ని పావు వంతు తిప్పి మళ్లీ పైనుంచి పెడతారు, మళ్లీ తోస్తారు. అలా మళ్లీ మళ్లీ.

"పైకి ఏ మార్పూ లేనప్పుడు ఎందుకీ చాకిరీ?" అని అడిగాను ఒకసారి.

"మార్పంతా లోపలేనమ్మా," అన్నాడు అన్నయ్య. "లోహం లోపల గింజలుంటాయి. తోసిన ప్రతిసారీ అవి నలిగి నలిగి పిండిలా అవుతాయి. అంత సన్నగా అయ్యాక వేడిమీద పద్ధతిగా లాగితే, ఒకదాని పక్కనుంచి ఒకటి జారి దారిచ్చుకుంటాయి. తెగవు. సాగుతూనే ఉంటాయి."

నేను నమ్మలేదు. మర్నాడు జేబురుమాల్లో చుట్టి తెచ్చి చూపించాడు. నడుము బొటనవేలి కణుపంత ఉన్న ముక్కట, జానెడు సాగింది. తలలు రెండూ లావుగా అలాగే ఉన్నాయి, మధ్యలో మాత్రం తీగ. గుడ్డను ఐమూలగా కత్తిరిస్తే సాగుతుందని నాకు తెలుసు, నా బతుకే గుడ్డ. కానీ లోహం ఇలా సాగడం అప్పుడే చూశాను. వేలితో మెల్లగా తడిమి, "భలే ఉందే" అన్నాను.

"నాదేముంది, లాగడమే. దీన్ని తోసింది ఆవిడ," అన్నాడు. అన్నయ్య నోట 'ఆవిడ' అనే మాట వినడం అదే మొదలు.

ఆవిడను ప్రయోగశాలలో అందరూ ప్రెస్సమ్మ అనేవాళ్లు. మనిషి సన్నం, చేతులు మాత్రం బలం. నడక వేగం, మాట వేగం, టీ కూడా పొగలు కక్కుతుండగానే తాగేసేది. అన్నయ్య చెప్పగా విని ఒకరోజు మా ఇంటి ముందుగదిలో ఉన్న నా కొట్టుకొచ్చింది, బట్టలు కుట్టించుకోవడానికి. గోళ్లలో గ్రీజు ఇరుక్కుని ఉందని గుడ్డను ముట్టుకోకుండా మోచేత్తో నావైపు జరిపింది. కొలతలయ్యాక, "ఎప్పుడిస్తారండీ?" అంది.

"రేపు."

"రేపంటే రేపేనా, మీ అన్నగారి రేపా?"

ఆ ఒక్క ప్రశ్నతో నాకు ఆవిడ నచ్చేసింది. మా ఇంట్లో మనిషిలా అడిగింది మరి.

వాళ్లిద్దరి గదుల మధ్య గోడకు చిన్న కిటికీ ఉండేది, ముక్కలు అందించుకోవడానికి. తోసిన కడ్డీ అటునుంచి ఇటు వచ్చేది, లాగిన తీగ ఇటునుంచి అటు వెళ్లేది. ఏ కడ్డీని ఎటు తిప్పాలో గుర్తుండడానికి ఆవిడ దాని తల మీద సూదిమొనతో ఒక గీత గీసేది. గీత చివర చిన్న కొక్కెం. తిప్పడంలో ఏ కాస్త పొరపాటు జరిగినా ఆ కడ్డీని పక్కన పారేసి మొదటినుంచి మొదలుపెట్టేది. అలాంటి చేతి కింద తయారైన కడ్డీని తొందరగా లాగి తెంపడానికి చేతులు రావని అన్నయ్య అనేవాడు.

ఒకసారి తను కళ్లజోడు మరిచిపోతే ఇవ్వడానికి వెళ్లాను. కిటికీకి అటు ఆవిడ, ఇటు అన్నయ్య, గట్టుమీద రెండు టీ గ్లాసులు. ఆవిడ ఏదో గబగబా చెప్తోంది, గ్రీజు గట్టిపడిందనో ఏమో. అన్నయ్య వింటున్నాడు. నా పెళ్లిలో మంత్రాలు కూడా అంత శ్రద్ధగా వినలేదు తను. ఆవిడ గ్లాసు ఎప్పుడో ఖాళీ అయింది, అయినా అక్కడే నిలబడి ఉంది. అన్నయ్య గ్లాసు నిండుగానే ఉంది.

తను ఉండేది మా ఇంట్లోనే, ఆ సాయంత్రం పట్టుకున్నాను. "అడగవేం?"

"ఏమని?"

"గ్రీజు గురించి కాదులే."

తను ఎర్రబడ్డాడు. "సమయం రావాలి కదా."

"సమయమేమన్నా బస్సా, వచ్చి నీ ముందు ఆగి హారన్ కొట్టడానికి?"

"నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు," అన్నాడు. ఆ మాట అన్న పెద్దలెవరో దొరికితే నాలుగు దులిపేద్దును.

సమయం రాలేదు, కబురు వచ్చింది. ఆవిడ అక్క పోయింది. ఇద్దరు పసిపిల్లలు. బావగారు లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి. పిల్లల్ని చూసేవాళ్లు లేరు. ఆవిడ రెండు రోజుల్లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి సామాను సర్దుకుంది. వెళ్లేముందు కిటికీ దగ్గరికి వచ్చి, మెత్తని గుడ్డలో చుట్టిన ఒక కడ్డీ అన్నయ్య చేతిలో పెట్టింది.

"ఇది ప్రొఫెసరు గారిది కాదు. మీకోసం తోశాను. మీరే లాగండి. లాగి, ఎంత సాగిందో నాకు చెప్పండి," అంది.

అన్నయ్య "సరేనండీ" అన్నాడు. అంతే. ఇది తనే ఇంటికొచ్చి చెప్పాడు. నేను కుడుతున్న గుడ్డ వదిలేసి తల పట్టుకున్నాను.

"నీకేమైనా మతి ఉందా? ఆవిడ అడిగింది కడ్డీ గురించే అనుకున్నావా?"

"కడ్డీ గురించే కదా అడిగింది."

"సరే, కడ్డీ గురించే. అయితే రేపే లాగు. లాగి ఫోను చెయ్యి."

"లాగుతాను. మంచి కడ్డీ అది, తొందరపడకూడదు." వెంటనే, "నువ్వు మాత్రం ఆవిడతో దీని ఊసెత్తకు. అది నేను చెప్పాల్సింది. నా మీద ఒట్టు," అన్నాడు. ఒట్టు పెట్టడంలో మాత్రం ఎక్కడలేని వేగం.

ఆ రేపు ఏళ్లు దాటింది. కడ్డీ తన బల్ల సొరుగులో ఉండేదట, అదే గుడ్డలో. అప్పుడప్పుడూ విప్పి, గీత చూసి, మళ్లీ చుట్టేవాడట. ప్రయోగశాలలో ఆవిడ స్థానంలో వేరేవాళ్లు వచ్చారు, వెళ్లారు. కిటికీలోంచి కడ్డీలు వస్తూనే ఉన్నాయి. తను టీ గ్లాసు మాత్రం గట్టుమీద పెట్టడం మానేసి బల్ల దగ్గరే తాగేవాడు. నేను మొదట్లో నెలకోసారి అడిగేదాన్ని, తర్వాత ఏడాదికోసారి. ఒకసారి విసుగొచ్చి గట్టిగానే నిలదీశాను.

"లాగితే అయిపోతుంది కదమ్మా," అన్నాడు చివరికి. "ఆవిడ చేతిది నా దగ్గర అదొక్కటే ఉంది."

ఆ తర్వాత అడగడం మానేశాను.

ఆవిడ నాకు ఫోన్ చేస్తూనే ఉండేది. పిల్ల గౌనుకు ఎంత గుడ్డ కావాలనో, పిల్లాడి లాగు పొడుగెలా దించాలనో అడిగేది. ఆ ఊళ్లో దర్జీలే లేనట్టు! ఆఖర్న ప్రతిసారీ ఒకే మాట. "అందరూ బాగున్నారా?"

"అందరూ బాగున్నారు. అందరూ ఇప్పుడే చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టారు, రేపటికి బయల్దేరతారు," అనేదాన్ని. ఆవిడ పకపకా నవ్వేది. నవ్వు ఆగాక అటు నుంచి మాట ఉండేది కాదు, ఫోను పెట్టేదీ కాదు. నేను కూడా అలా చెవిదగ్గర పట్టుకునే ఉండేదాన్ని. కడ్డీ ఏమైందని ఒక్కనాడూ ఆవిడ అడగలేదు. నాలిక చివరిదాకా వచ్చినా ఒట్టుకు కట్టుబడి నేనూ చెప్పలేదు.

మొన్న మొన్నటి మాట. ఆ ప్రయోగశాల మూసేస్తున్నారని తెలిసింది. కొత్త భవనం, కొత్త మిషన్లు, వేరే మనుషులు. ప్రెస్సును ముందే విప్పి పాత ఇనుము కింద తోలేశారు. లాగే మిషను వంతు ఆ వారం చివర్న. అన్నయ్య ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకుండా కూర్చున్నాడు.

"ఇక లాగాలి," అన్నాడు.

మర్నాడు లేత్ మీద కడ్డీ నడుమును తనే సన్నగా చెక్కాడు. తల మీద గీత చెరగకుండా చూసుకున్నాడట. ఆ మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. నేను మధ్యాహ్నం కొట్టుకు తాళం వేసి క్యారేజీ పట్టుకుని వెళ్లాను. అన్నం సాకే. అసలు సంగతి, ఆ ముక్క సాగడం దగ్గరుండి చూడాలని నాకూ ఉంది.

గదంతా ఖాళీ. బీరువాలు తీసేసిన చోట గోడ కొత్తగా తెల్లగా ఉంది. కిటికీకి అటునుంచి అట్టముక్క కొట్టేశారు. మిషను ఒక్కటే మిగిలింది, ఫర్నేసు సన్నగా మూలుగుతోంది. అన్నయ్య ఎదురుగా స్టూలు వేసుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"అయిందా?" అన్నాను అలవాటుగా.

"సాయంత్రం అవుతుంది."

"మామూలుగా ఒక పూట కూడా పట్టదంటావుగా? పొద్దున్ననగా మొదలుపెట్టావు."

"ఇది కాస్త మెల్లగా పెట్టాను."

తన పని తనకు తెలుసని నేను ఊరుకున్నాను. ఫర్నేసు మూసే ఉంటుంది, లోపల ఏం జరుగుతోందో కనబడదు. తలుపు తీస్తే చల్లగాలి తగిలి ముక్క పాడవుతుందట. పక్కన కాగితం మీద పెన్ను గీస్తున్న గీతే ఆధారం. నేను ఆ గీతను చూస్తూ కూర్చున్నాను, తను ఫర్నేసును చూస్తూ మాట్లాడాడు. పుట్టి బుద్ధెరిగాక తను అన్ని మాటలు మాట్లాడడం నేను వినలేదు. వర్షంలో ఆవిడ ఒకసారి గొడుగు తేకపోతే తన గొడుగు ఇచ్చి, దగ్గరకెళ్లి నడవడానికి మొహమాటపడి వెనకాల తడుస్తూ వెళ్లాడట. ఆవిడ వెనక్కి తిరిగి ఆగి, "మీరు వచ్చేదాకా నేనిక్కడే నిలబడతాను, మీ ఇష్టం" అందట. వెళ్లి పక్కన నడిచాడట. ఏం మాట్లాడుకున్నారంటే ఏమీ మాట్లాడుకోలేదట.

"ఆ దారి ఇంకా కొంచెం పొడుగుంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది," అన్నాడు.

అప్పుడే ఫర్నేసులో చిన్నగా 'టక్' మని చప్పుడైంది. పెన్ను గీత కిందికి పడిపోయింది. అన్నయ్య లేవలేదు. నేనే భుజం పట్టి కుదిపాను. తను లేచి స్విచ్చులు ఆపి, కాస్త చల్లారాక, పట్టకారుతో ముక్కలు బయటికి తీసి బల్లమీద పక్కపక్కన పెట్టాడు. రెండూ కలిపినా బెత్తెడు లేదు. తీగలా సాగడం దేవుడెరుగు, మధ్యలో ఒకచోట నడుము సన్నమై మొరటుగా తెగింది.

"కడ్డీ మంచిది కాదేమో," అన్నాను, ఓదార్పుగా ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"కడ్డీ బంగారం," అన్నాడు. "నేను మరీ మెల్లగా లాగాను. తొందరపడితే ఎలాగూ తెగుతుంది. మరీ మెల్లగా లాగినా అంతే. అంతసేపు వేడిలో ఉంటే గింజలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి మళ్లీ పెద్దవైపోతాయి. ఆవిడ కష్టపడి నలిపిందంతా పోయింది."

"ఇది నీకు ముందు తెలీదా?"

"తెలుసు. ఇక్కడికొచ్చిన ప్రతివాడికీ నేనే చెప్తాను."

"మరెందుకు చేశావన్నయ్యా?"

"తొందరగా అయిపోతుందేమోనని," అన్నాడు. అని, రెండు ముక్కలూ అరచేతిలో పెట్టుకుని ఏడ్చాడు. నాన్న పోయినప్పుడు చూశాను తను ఏడవడం, మళ్లీ అదే. ఆలస్యం అమృతం విషం అని ఇన్నేళ్లూ తిట్టడానికి సిద్ధంగా ఉంచుకున్న మాట గొంతులోనే మింగేశాను. క్యారేజీ విప్పకుండానే ఇంటికి వచ్చేశాం.

ఇంటికొచ్చి ముక్కల్ని నా కుట్టుమిషను మీద పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇక నావల్ల కాలేదు. ఫోను తీసి నంబరు నొక్కి, ఆవిడ "హలో" అనగానే స్పీకరు పెట్టి తన చేతిలో కుక్కాను. ఊసెత్తొద్దని ఒట్టు పెట్టాడు గానీ నంబరు నొక్కొద్దని పెట్టలేదుగా.

అన్నయ్య ఫోనును అరచేతిలో వేడి గ్లాసులా పట్టుకున్నాడు. "నేనండీ," అన్నాడు. "కడ్డీ లాగాను."

"ఎంత సాగింది?" అంది ఆవిడ.

"సాగలేదు. తెగిపోయింది."

"ఎప్పుడు లాగారు?"

"ఇవాళ."

"ఇవాళా!" అంది. "ఇన్నేళ్లూ లాగలేదా? మీరు ఆ వారమే లాగి ఉంటారనుకున్నానండీ. సరిగ్గా రాలేదేమో, చెప్తే నేను బాధపడతానని చెప్పలేదేమో అనుకున్నాను. ఎక్కడ తిప్పడంలో పొరపాటు చేశానా అని ఎన్నిసార్లు తలచుకున్నానో. నా పనే బాగాలేదనుకున్నాను."

అన్నయ్య మొహం పాలిపోయింది. "మీ పనిలో వంక లేదండీ. తప్పు లాగినవాడిది."

"వేగం ఎంత పెట్టారు?"

చెప్పాడు.

"అంత తక్కువా? మీరా! తెలిసి తెలిసి ఎందుకు?"

ఇక్కడ మా అన్నయ్య ఎప్పటిలా ఆగిపోతాడనుకున్నాను. కళ్లు మూసుకున్నాను కూడా. కానీ చెప్పాడు. "అది అయిపోతే మీది ఇంకేమీ నా దగ్గర మిగలదని. మీరు వెళ్లిన దగ్గర్నుంచీ అదే భయం."

అటునుంచి ఎవరో పిల్ల "ఎవరు పిన్నీ, ఏడుస్తున్నావేంటి?" అంటోంది. ఆవిడ "ఏం లేదు, నువ్వు లోపలికెళ్లు" అంది. తర్వాత ముక్కు చీదిన చప్పుడు.

"రేపొచ్చి ముక్కలు చూపిస్తాను," అన్నాడు అన్నయ్య.

"రేపంటే రేపేనా?" అంది ఆవిడ. ఈసారి ఆ మాటలో వేళాకోళం లేదు.

"రేపే."

మర్నాడు పొద్దున నేను టీ పెడుతుంటే వీధి తలుపు చప్పుడైంది. చెప్పులు వేసుకునే భాగోతం ఇంకా చాలా ఉందిలే అని గ్లాసులో పోసుకుని తీరిగ్గా బయటికొచ్చాను. గుమ్మంలో ఎవరూ లేరు. వీధి చివర మలుపు దగ్గర మా అన్నయ్య, ఒక చెప్పు బెల్టు ఊడి టపటపలాడుతుంటే, పరుగులాంటి నడకతో బస్సుల వైపు వెళ్లిపోతున్నాడు.

కొట్టులోకి వచ్చి చూస్తే కుట్టుమిషను మీద రెండు ముక్కలూ అలాగే ఉన్నాయి. చూపిస్తానన్నవి ఇక్కడే మరిచిపోయాడు. ఒకదాని తల మీద గీత, చివర చిన్న కొక్కెం. పట్టుకుని పరిగెత్తి అందిద్దామని గుమ్మం దాకా వెళ్లాను. వెళ్లి ఆగాను. వీటికోసం వెనక్కి పిలిస్తే ఆ మనిషి మళ్లీ బయల్దేరతాడని నమ్మకమేంటి?

ముక్కలు నా బొత్తాల డబ్బాలో ఉన్నాయి. ఇంతవరకూ ఆ ఇద్దరిలో ఒక్కరూ వాటిని అడగలేదు.